తనిఖీ పుస్తకం చెప్పని సంగతులు

బాలల రక్షణ విషయంలో మన దేశానికి చట్టాల కొరత లేదు. 1920లోనే మద్రాసు రాజధానిలో బాలల చట్టం వచ్చింది. నేటి కోస్తా, రాయలసీమ జిల్లాలు నాడు ఆ రాజధానిలో భాగాలే గనుక, ఈ భావన తెలుగు నేలకు వచ్చి నూరేళ్ళు దాటిందనవచ్చు. అనాథాలయాల పర్యవేక్షణ, నియంత్రణల కొరకు 1960లో పార్లమెంటు ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది. 1986లో ఒక బాల న్యాయ చట్టం, 2000లో దాని స్థానే మరొకటి, 2015లో దాని స్థానే ఇప్పుడు అమలులో ఉన్నది వచ్చాయి. 2021లో దానికి కూడా సవరణ జరిగింది. అయితే మేము ఈ వ్యాసంలో చర్చింపదలచినది చట్టాలను గూర్చి కాదు. ఆ చట్టం మన జిల్లాలలో నెలకొల్పిన సమితులు, కార్యాలయాలు, గృహాలు తమ పని తాము చేస్తున్నవో లేదో చూచేవారెవరు? చూచేవారు దేనిని చూస్తున్నారు? మా ప్రశ్న ఇంతమాత్రమే.

ముందుగా ఈ వ్యవస్థ స్వరూపాన్ని కొంత చెప్పుట అవసరం. మన విద్యార్థులలో చాలామందికి బాలల సంక్షేమ సమితి అనే పేరు కూడా తెలియదు. ప్రతి జిల్లాలోను అధ్యక్షునితోపాటు నలుగురు సభ్యులుగల సమితి ఉండవలెను. సభ్యులలో ఒక్కరైనా స్త్రీ కావలెను. ఆ సమితికి మొదటి తరగతి జుడిషియల్ మేజిస్ట్రేటుకు ఉండే అధికారాలున్నవి. రైల్వే స్టేషనులో తప్పిపోయి దొరికిన పిల్లవాడు, ఇటుకబట్టీ నుండి విడిపించబడిన పిల్ల, ఇంట్లోని దెబ్బలకు ఓర్వలేక గడప దాటిన బాలిక, వీరందరినీ ప్రయాణకాలం మినహాయించి 24 గంటలలోపల ఆ సమితి ఎదుట హాజరుపరచవలెను. బిడ్డ ఇంటి పరిస్థితులను గూర్చిన సామాజిక విచారణ 15 దినాలలో పూర్తి కావలెను. బిడ్డ ఇంటికి పోవలెనా, గృహంలో ఉండవలెనా, మరొక కుటుంబం చెంత పెరగవలెనా అనే తుది నిర్ణయం నాలుగు నెలలలోపల వెలువడవలెను. సమితి నెలకు కనీసం 20 దినాలు సమావేశం కావలెను, నెలకు కనీసం రెండుసార్లు గృహాలను స్వయంగా చూచి రావలెను. ఇది చాలదన్నట్లు ప్రత్యేకంగా తనిఖీ సంఘాలున్నవి. ముగ్గురికి తగ్గకుండా, అందులో ఒక స్త్రీ, ఒక వైద్యాధికారి తప్పక ఉండేటట్లు, ఆ సంఘం ప్రతి గృహాన్నీ మూడు నెలలకొకసారి దర్శించి వారం లోపల నివేదిక ఇవ్వవలెను. వీటన్నిటి మీద జిల్లా కలెక్టరు మూడు నెలలకొకసారి సమితి పనితీరును సమీక్షించవలెను. సమితిపై ఫిర్యాదు చేయదలచినవారు కూడా కలెక్టరు వద్దకే పోవలెను.

అనగా కొలబద్దలు కావలెనని మనం కొత్తగా కోరనక్కరలేదు. 24 గంటలు, 15 దినాలు, 4 నెలలు, 20 సమావేశాలు అని చట్టమే కొలతలు ఇచ్చి పెట్టింది. మన జిల్లాలో గత సంవత్సరం ఎందరు పిల్లల విషయం నాలుగు నెలలలో తేలింది, ఎందరిది తేలలేదు అని ఎవరైనా అడిగితే జవాబు ఒక కాగితం మీద పట్టవలెను. ఆ కాగితాన్ని అడిగినవారు ఎందరు? మన పట్టణంలో కుళాయి నీరు రెండు దినాలు రాకపోతే మునిసిపల్ కార్యాలయం ముందు ఖాళీ బిందెలు వరుసలు తీరుతాయి. పిల్లవాడు రెండేళ్ళు గృహంలో మిగిలిపోతే ఎవరి బిందె శబ్దం చేస్తుంది?

గత కొన్నేళ్ళుగా మేము జాతీయ సేవా పథకం విద్యార్థులను వెంటబెట్టుకొని కొన్ని గృహాలకు పోయి, సాయంకాలాలలో లెక్కలు, తెలుగు చెప్పి వస్తున్నాము. పేర్లు చెప్పుట మా ఉద్దేశం కాదు. ఒకచోట మేము అడుగుపెట్టగానే పదేళ్ళ పిల్లవాడొకడు ఎదురువచ్చి, "సార్, తనిఖీకి వచ్చారా, చదువు చెప్పడానికి వచ్చారా? తనిఖీకైతే చొక్కా మార్చుకొని వస్తాను" అన్నాడు. వాని మాటలో వెటకారం లేదు. వానికి తెలిసిన ప్రపంచంలో పెద్దలు రెండు రకాలు, అంతే. మేము తరువాత ఆ గృహపు తనిఖీ పుస్తకాన్ని చూచాము. గోడలకు సున్నం వేయబడినది, మరుగుదొడ్లు శుభ్రంగా ఉన్నవి, బియ్యం నిల్వ సంతృప్తికరం, రిజిస్టర్లు సక్రమం, సిబ్బందికి సూచనలు ఇవ్వడమైనది. ఆరు తనిఖీలకు దాదాపు ఒకటే వాక్యాలు, సంతకాలు మాత్రం వేరు. ఒక్క పిల్లవానితో ఒంటరిగా మాట్లాడినట్లు ఏ పేజీలోను లేదు. తనిఖీ దినాన అందరూ ఉతికిన చొక్కాలు తొడుగుకొన్నారని మాత్రం అర్థమైంది.

సున్నం, బియ్యం అనవసరమని మేము అనడం లేదు. ఆకలితో ఉన్న పిల్లవానికి బియ్యం నిల్వే మొదటి హక్కు. కాని గోడను చూచుట సులభం, పిల్లవానిని చూచుట కష్టం. సులభమైనదానికి రిజిస్టరు ఉంటుంది, కష్టమైనదానికి ఉండదు. తనిఖీ క్రమంగా రిజిస్టరు వైపే ఒరిగిపోతుంది. దీనికి అధికారుల దుర్మార్గమే కారణమని మేము నమ్మము. ఇతర పనుల నడుమ ఒక పూట తీరిక చేసుకొని వచ్చే ఉద్యోగి గంటలో చూడగలిగినది చూచి సంతకం చేసి పోతాడు. పిల్లవాడు నోరు విప్పడానికి గంట చాలదు.

సలహాల పెట్టె సంగతి చూడండి. 2016 నమూనా నియమాలు ప్రతి గృహంలోను పిల్లలకు అందుబాటులో ఉండే చోట సలహాల పెట్టె పెట్టవలెనని చెప్పాయి. దాని తాళపుచెవి గృహ నిర్వాహక సంఘం అధ్యక్షుని వద్ద, అనగా బయటి అధికారి వద్ద ఉండవలెను. వారానికొకసారి దానిని తెరవవలెను. నియమం వ్రాసినవారు ఎంత ఆలోచించారో ఆ తాళపుచెవి చెబుతుంది. మేము చూచిన ఒక గృహంలో పెట్టె వార్డెను గదిలో, వార్డెను కుర్చీకి ఎదురుగా వ్రేలాడుతున్నది. తాళపుచెవి కూడా ఆయన బల్ల సొరుగులోనే ఉన్నది. "ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు, చూడండి" అని ఆయన సంతోషంగా చెప్పారు. ఆయన చెడ్డవాడు కాదు. పిల్లలకు జ్వరం వస్తే రాత్రంతా మేలుకొని కూర్చునే మనిషే. ఫిర్యాదు లేకపోవుట తన గృహానికి కీర్తి అని ఆయన నమ్మకం. పై అధికారుల నమ్మకమూ అదే. తప్పుదారి పట్టించే కొలత ఇదే. ఫిర్యాదులు ఎక్కువ వచ్చిన గృహం, కేసులు ఎక్కువ నమోదైన జిల్లా సమీక్షలో దోషుల వలె నిలబడతాయి. అసలు పిల్లలెవరూ నోరు విప్పని గృహం, ఏ కేసూ సమితిదాకా చేరని జిల్లా మెప్పు పొందుతాయి. ఇటువంటి సమీక్షలో నెగ్గాలంటే మంచిగా పనిచేయనక్కరలేదు, పిల్లల గొంతు బయటికి రాకుండా చూచుకొంటే చాలు.

దీని పర్యవసానం ఎంత దారుణంగా ఉంటుందో బీహారులోని ముజఫర్‌పూర్ చూపించింది. 2017లో ఆ రాష్ట్ర ప్రభుత్వం ఆశ్రయ గృహాలన్నిటినీ సామాజిక తనిఖీ చేయమని ముంబయిలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థను కోరింది. ఆ సంస్థ బృందం జిల్లా జిల్లా తిరిగి, గృహాలలో నివసించేవారితోనే మాట్లాడి 2018లో నివేదిక ఇచ్చింది. ముజఫర్‌పూర్ బాలికా గృహంలో ఏమి జరుగుతున్నదో అప్పుడు లోకానికి తెలిసింది. ముప్పయికి పైగా బాలికలపై అత్యాచారాలు జరిగినట్లు బయటపడింది. కేసు సి.బి.ఐ.కి పోయింది. 2019లో సుప్రీంకోర్టు విచారణను ఢిల్లీకి మార్చింది. 2020 జనవరిలో అక్కడి న్యాయస్థానం 19 మందిని దోషులుగా నిర్ణయించింది. ఆ 19 మందిలో గృహం నడిపినవాడు, అందులోని సిబ్బంది మాత్రమే ఉన్నారనుకొంటే పొరపాటు. జిల్లా బాలల సంక్షేమ సమితికి అధ్యక్షుడుగా ఉండినవాడు, జిల్లా బాలల పరిరక్షణ విభాగపు అధికారి కూడా ఉన్నారు. చట్టం ఎవరిని కాపలా పెట్టిందో వారే. ఆ గృహం రహస్యంగా నడిచినది కాదు, ప్రభుత్వ ధనంతో నడిచినది. అధికారులు వచ్చి పోతూనే ఉన్నారు.

ఈ ఉదంతాన్ని మనవారు సాధారణంగా ఒక రాక్షసుని కథగా చెప్పుకొంటారు. మాకు అందులో ముఖ్యంగా తోచినది వేరు. గోడల లోపలికి పోయినవారు ఎందరో ఉన్నారు. పిల్లలతో మాట్లాడడానికి వెళ్ళినవారు, స్థానికంగా ఎవరికీ బంధువులు గాని, బాకీదారులు గాని కానివారు వచ్చినప్పుడు మాత్రమే నిజం బయటపడింది. పర్యవేక్షణ బలం సంతకాల సంఖ్యలో లేదు. ఎవరు అడుగుతున్నారు, ఎవరిని అడుగుతున్నారు అన్నదానిలో ఉన్నది. 2021 సవరణ గృహాల నిర్వహణలో భాగస్తులైనవారిని సమితి సభ్యత్వానికి అనర్హులుగా చేసింది. ఆలస్యంగానైనా మంచి పని. చట్టంలోని 55వ సెక్షను సమితులను, గృహాలను స్వతంత్ర వ్యక్తులచేత, సంస్థలచేత మూల్యాంకనం చేయించే అధికారాన్ని ప్రభుత్వాలకు ఇచ్చింది. "చేయించవచ్చును" అన్నది గాని "చేయించవలెను" అనలేదు. చట్టాలలో ఈ ఒక్క క్రియాపదంలోని తేడా ఎన్ని జీవితాలను ప్రభావితం చేస్తుందో వ్యాకరణం చెప్పే మావంటివారికి ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఇక మన ఇంటి సంగతికి వస్తాము. ఇది కొందరు పెద్దలకు రుచించకపోవచ్చును. అయినను చెప్పక తప్పదు. మన సమాజంలో యతీంఖానాలకు గొప్ప గౌరవమున్నది. హైదరాబాదు నాంపల్లిలోని అనీస్ ఉల్ గుర్బా మొదలు చిన్న పట్టణాలలో మసీదు ప్రక్కన రెండు గదులలో నడిచే గృహాల వరకు, జకాతు సొమ్ముతో, చందాలతో, వక్ఫు ఆదాయంతో ఎందరో బిడ్డలు అన్నం తిని చదువుకొని మనుషులైనారు. ప్రభుత్వం కన్నెత్తి చూడని కాలంలో ఆ పని చేసినవారికి మేము నమస్కరిస్తున్నాము. కాని గృహాన్ని బాల న్యాయ చట్టం క్రింద నమోదు చేయించమంటే మాత్రం చాలామంది ముఖం చిట్లిస్తారు. "మేము పుణ్యానికి నడుపుతున్నాము, మమ్ము అనుమానిస్తారా?" అంటారు. కేరళలో ఎన్నో యతీంఖానాల నిర్వాహకులు ఇదే మాట అన్నారు. 2017 మే నెలలో సుప్రీంకోర్టు తమిళనాడు అనాథాలయాల కేసులో తీర్పు చెబుతూ, నడిపేది ఎవరైనా సరే, ప్రభుత్వ సహాయం ఉన్నా లేకున్నా, సంరక్షణ అవసరమైన పిల్లలున్న ప్రతి గృహమూ నమోదు కావలసినదేనని స్పష్టం చేసింది. చట్టం దృష్టిలో నమోదు లేకుండా గృహం నడుపుట ఏడాది వరకు జైలుశిక్షకో, లక్షకు తగ్గని జరిమానాకో, రెంటికో తగిన నేరం.

శిక్ష భయం చూపి ఒప్పించుట మా అభిమతం కాదు. 2014లో జరిగిన ఒక సంగతి చెబుతాము. ఆ సంవత్సరం మే నెలలో బీహారు, జార్ఖండు ప్రాంతాల నుండి కేరళ యతీంఖానాలకు రైళ్ళలో వచ్చిన వందలాది పిల్లలను పాలక్కాడు స్టేషనులో ఆపివేశారు. సరియైన పత్రాలు లేవు. పిల్లల అక్రమ రవాణా అని దేశమంతటా పత్రికలు వ్రాశాయి. కొన్నేళ్ళ తరువాత సి.బి.ఐ. విచారణలో అక్రమ రవాణాకు ఆధారం లేదని తేలింది. అప్పటికి ఆ గృహాల పేరుకు జరిగిన నష్టం జరిగిపోయింది, ఆ పిల్లల చదువు సాగవలసిన దినాలు విచారణలలో గడచిపోయాయి. ఏ బిడ్డ ఎక్కడివాడు, ఎవరు పంపారు, ఏ సమితి అనుమతించింది అనే కాగితం చేతిలో ఉండి ఉంటే రైలు ఆగిన గంటకే కదలి ఉండేది. లెక్క చూపగలుగుట పిల్లవానికి ఎంత రక్షణో నిజాయితీపరుడైన నిర్వాహకునికి అంత రక్షణ. ఈ సంగతి మన పెద్దలకు కొత్తగా చెప్పవలసినది కూడా కాదు. అనాథ పెరిగి పెద్దవాడైనప్పుడు అతని సొత్తును సాక్షుల ఎదుట అప్పగించమని ఖురానులోని నిసా అధ్యాయం ఆదేశిస్తున్నది. సంరక్షకుడు దొంగ అని అనుమానించి పెట్టిన నిబంధన కాదది. అతడు ఎంత మంచివాడైనా సాక్షి ఉండవలెనన్నదే అందులోని వివేకం.

యతీము అనే మాటను గూర్చి కూడా ఒక్కమాట. మన ధర్మశాస్త్రంలో యుక్తవయస్సు రాకముందే తండ్రిని పోగొట్టుకొన్న బిడ్డ యతీము. తల్లి ఉన్నా యతీమే. తెలుగులో మనం దానిని 'అనాథ' అని అనువదించి, తల్లి కూడా లేనట్లు చేసివేశాము. మా సాయంకాలపు తరగతులకు వచ్చే పిల్లలలో సగం మందికి తల్లి సజీవంగా ఉన్నది. ఆమె బీడీలు చుట్టియో, ఇళ్ళలో పాత్రలు తోమియో బ్రతుకుతున్నది. బిడ్డ గృహంలో ఉండడానికి కారణం మరణం కాదు, దారిద్ర్యం. గృహంలో ఉంచుట చివరి మార్గం కావలెనని చట్టం మొదటనే చెప్పింది. ఇంటివద్దనే పెంచుకొనడానికి మిషన్ వాత్సల్య పథకం క్రింద అర్హులైన పిల్లలకు నెలకు 4,000 రూపాయల సహాయం ఉన్నది. మన జిల్లా పనితీరును కొలిచేవారు గృహాలలో ఎన్ని మంచాలు నిండినవి అని కాక, గత సంవత్సరం ఎందరు పిల్లలు తల్లి వద్దకు తిరిగిపోయారు, వారిలో ఎందరికి ఈ సహాయం అందింది, ఆరు నెలల తరువాత వారు బడిలో ఉన్నారా అని అడగవలెను. గృహం నుండి పోయిన పిల్లవాడు రిజిస్టరులో 'విడుదల' అనే మాటతో ముగిసిపోతున్నాడు. పదునెనిమిదేళ్ళు నిండి బయటికి వచ్చినవారికి ఇరువదొక్క ఏళ్ళ వరకు చేయూతనివ్వవచ్చునని కూడా చట్టంలో ఉన్నది. అటువంటి విద్యార్థి మన కళాశాలలోనే ఉండవచ్చు. మనం అడుగము, అతడు చెప్పడు.

ఇంత చెప్పి పనిచేసేవారి కష్టాన్ని విస్మరించుట అన్యాయమవుతుంది. సమితులలో, పరిరక్షణ విభాగాలలో ఖాళీలు నింపవలెనని 2018లో సుప్రీంకోర్టు సంపూర్ణా బెహురా కేసులో ప్రభుత్వాలను హెచ్చరించవలసి వచ్చింది. ఖాళీ కుర్చీ నుండి 15 దినాలలో నివేదిక రాదు. క్షేత్రంలో తిరిగే యువతీయువకులలో ఎక్కువమంది ఒప్పంద ఉద్యోగులు. బస్సు ఖర్చు ముందు తామే పెట్టుకొని, తరువాత బిల్లు కోసం తిరిగేవారిని మేమెరుగుదుము. అందుచేతనే పర్యవేక్షణ అనగానే క్రింది ఉద్యోగికి మెమో ఇచ్చుట అని అర్థం చేసికొనరాదు. ఆలస్యం ఎక్కడ జరిగిందో కాగితం చూపితే, తప్పు కుర్చీలో కూర్చున్నవారిదో, కుర్చీ నింపనివారిదో దానంతటదే తేటపడుతుంది.

మన కళాశాల ఏమి చేయగలదు? గృహాల మీదికి దాడి వలె పోవుట మన పని కాదు. సెల్‌ఫోనుతో పిల్లల ఛాయాచిత్రాలు తీసి నలుగురికి పంపుట సేవ అనుకొనేవారు మన విద్యార్థులలోనూ ఉన్నారు. అటువంటి బిడ్డల గుర్తింపును బయటపెట్టుట 74వ సెక్షను క్రింద నేరమని వారు తెలిసికొనవలెను. అడగవలసినది పిల్లల పేర్లు కాదు, వ్యవస్థ లెక్కలు. 2005 సమాచార హక్కు చట్టం క్రింద జిల్లా కార్యాలయానికి దరఖాస్తు పెట్టడానికి రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 దినాలు. గత నాలుగు త్రైమాసికాలలో సమితి ఎన్ని దినాలు సమావేశమైంది, నాలుగు నెలలు దాటిన కేసులెన్ని, తనిఖీ సంఘం ఏ గృహాన్ని ఏ తేదీన చూచింది, కలెక్టరు సమీక్ష ఎప్పుడు జరిగింది, సలహాల పెట్టెల తాళపుచెవులు ఎవరి వద్ద ఉన్నవి, ఈ అయిదు ప్రశ్నలు చాలు. ప్రతి మూడు నెలలకు ఇవే అయిదు అడిగితే, రెండేళ్ళకు మన జిల్లాను గూర్చి మనకు తెలిసినంత మరెవరికీ తెలియదు.

మరొకటి మన కళాశాలకే సాధ్యమైనది. ఈ సంచికను కుడి వైపు నుండి తెరచినవారు ఉర్దూ చదువుతారు, ఎడమ వైపు నుండి తెరచినవారు మమ్ము చదువుతారు. జిల్లాలోని గృహాలలో ఈ రెండు రకాల పిల్లలూ ఉన్నారు. సలహాల పెట్టె మీద, 1098 అనే సహాయ సంఖ్య ప్రక్కన వ్రాసిన మాటలు మేము చూచిన గృహాలలో తెలుగులోనో, ఇంగ్లీషులోనో మాత్రమే ఉన్నవి. ఉర్దూ మాత్రమే చదవగలిగిన ఎనిమిదేళ్ళ పిల్లకు ఆ పెట్టె ఒక చెక్కపెట్టె, అంతే. రెండు లిపులలో బోర్డులు వ్రాయించి ఇవ్వడానికి అయ్యే ఖర్చు మన వార్షికోత్సవపు షామియానా అద్దె కంటె తక్కువ. కళాశాల కమిటీ వారు ఈ సంగతిని వచ్చే సమావేశంలో పరిశీలించవలెనని కోరుచున్నాము. దరఖాస్తు ముసాయిదాను మేము తయారుచేసి తెలుగు శాఖలో ఉంచాము. ఉర్దూ శాఖ మిత్రులు దానిని తమ భాషలోకి మార్చడానికి అంగీకరించారు. సంతకం చేయదలచిన విద్యార్థులు ఏ శాఖకైనా రావచ్చును.